సెయింట్ పీటర్స్‌బర్గ్: స్మోల్నీ కంటే నికోల్‌స్కీ మేలు

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బరోక్ శైలి (వంపులు, స్తంభాలు, విస్తారమైన అలంకరణలతో కూడిన పాత యూరోపియన్ నిర్మాణ శైలి) ఆర్థడాక్స్ చర్చిని ఒక్కదాన్నే చూసే వీలున్నవారికి నేను నికోల్‌స్కీ నౌకాదళ కథెడ్రల్‌నే సూచిస్తాను. పేరు ప్రఖ్యాతులన్నీ అదే నగరంలోని స్మోల్నీ కథెడ్రల్‌వి. రష్యా సామ్రాజ్ఞి ఎలిజబెత్ కోసం వాస్తుశిల్పి రాస్ట్రెల్లి 1748లో మొదలుపెట్టిన ఆ కట్టడానికి ముందు ఒకే గుమ్మటం అనుకున్నారు. రష్యన్ సంప్రదాయం ప్రకారం అయిదు గుమ్మటాలు ఉండాలని ఆమె పట్టుబట్టడంతో నమూనా మారింది. బయటినుంచి చూస్తే ఆ పట్టుదల ఎంత మంచి పని చేసిందో తెలుస్తుంది. లోపలి పని మాత్రం 1830లలో మరో వాస్తుశిల్పి స్టాసోవ్ చేతుల్లో గానీ ముగియలేదు. అప్పటికి బరోక్ కాలం చెల్లిపోయింది కనుక, బయట కనిపించిన వైభవాన్ని ఆశించి లోపలికి వెళ్లినవారికి ఆ తెల్లని, విశాలమైన మందిరం కొంత వెలితిగా తోస్తుంది.

నికోల్‌స్కీలో ఆ వెలితి లేదు. నౌకాదళ వాస్తుశిల్పి సవ్వా చెవాకిన్‌స్కీ 1753 నుంచి 1762 వరకు కట్టించిన ఈ నీలి, తెలుపు భవనంలో ఒకదానిపై ఒకటిగా రెండు చర్చిలున్నాయి. కిందిది సెయింట్ నికోలస్‌ది: కప్పు తక్కువ ఎత్తులో ఉండి, దీపాల వెలుగులో మసకగా, వెచ్చగా ఉంటుంది. పైది క్రీస్తు బాప్తిస్మ పర్వానికి అంకితమైనది. అందులోకి కిటికీల వెలుతురు ధారాళంగా వచ్చి, బంగారు పూత పూసిన ఐకనోస్టాసిస్ (గర్భగుడి ముందు పవిత్ర చిత్రాలు అమర్చిన అడ్డుగోడ) చెక్కడాలన్నింటినీ స్పష్టంగా చూపిస్తుంది. పై చర్చి తెరిచి ఉన్న వేళ కనుక్కుని వెళ్లడం మంచిది. వెలుపల మూలమూలనా గుంపుగా నిలిచిన కొరింథియన్ (పైభాగంలో ఆకుల చెక్కడాలుండే గ్రీకు శైలి) స్తంభాలనూ, కాలువ ఒడ్డున విడిగా నిలబడ్డ గంటల గోపురాన్నీ తీరిగ్గా చూడాలి. సోవియట్ కాలంలోనూ ఆరాధన సాగిన చర్చి ఇది. 1989లో మునిగిన సోవియట్ జలాంతర్గామి కొమ్సొమోలెత్స్ నావికుల స్మారక ఫలకం కూడా ఇక్కడుంది.

ప్రవేశ రుసుము లేదు. స్త్రీలు తలపై కండువా కప్పుకోవాలి, పురుషులు టోపీ తీయాలి. బల్లలుండవు, అందరూ నిలబడే ప్రార్థిస్తారు కాబట్టి పెద్దవారితో వెళ్లేవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

బసకు సెన్నయా చౌరస్తా పరిసరాలు అనుకూలం: మూడు మెట్రో స్టేషన్లు అక్కడ కలుస్తాయి, కథెడ్రల్‌కు నడిచి వెళ్లవచ్చు. మేము దిగిన చిన్న హోటల్‌లో గది ఇరుకు, సిబ్బందికి ఇంగ్లీషు అంతంతమాత్రం, కానీ శుభ్రతకు వంక పెట్టలేము. శాకాహారులకు సాదా క్యాంటీన్లలో దొరికే గ్రేచ్కా (ఉడికించిన బక్‌వీట్ గింజలు), బంగాళాదుంప, క్యాబేజీ కూరలే ఆధారం. మాంసం రసం కలిసిందేమో అడిగి తీసుకోవాలి. మన బ్యాంకుల వీసా, మాస్టర్‌కార్డ్‌లు 2022 నుంచి రష్యాలో పనిచేయడం లేదు కనుక డాలర్లో యూరోలో వెంట ఉంచుకుని, అక్కడి బ్యాంకుల్లోనే రూబుళ్లుగా మార్చుకోవాలి.