వరద రోజుల్లో మా లంక ఇంజన్ పడవ

మా అత్తగారిది పి.గన్నవరం దగ్గర, గోదారి పాయల మధ్య ఉన్న లంక ఊరు. మామూలు రోజుల్లో కాజ్‌వే మీద, అంటే ఏట్లో ఎత్తు తక్కువగా వేసిన దారి మీద, బైకేసుకుని అయిదు నిమిషాల్లో వెళ్లిపోతాం. గోదారి ఎర్రబడిందంటే మాత్రం ముందు మునిగేది ఆ కాజ్‌వేనే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక ఇస్తారు కదా, మాకు అప్పటికే దారి పోయి ఉంటుంది. ఇక పాల క్యాన్లు, గ్యాస్ బండలు, అరటి గెలలు, కాలేజీ పిల్లలు, అందరూ ఆ పడవలోనే.

2022 జూలైలో, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదప్పుడే, నీళ్లింకా పెరుగుతుండగా, అత్తయ్యకి ఇన్సులిన్ అయిపోయిందని ఫోనొస్తే ఐసు డబ్బాలో పెట్టుకుని రేవుకి పరిగెత్తాను. పడవ నడిపే సరంగు ఒక్కొక్కరినీ వేలితో చూపించి లెక్కపెడుతున్నాడు. పదిహేను మంది అయ్యారు, ఇక చాలన్నాడు. అయినా ఊళ్లో పలుకుబడి ఉన్న ఒకాయన వచ్చి ఎక్కేశాడు. "తమరు ఇంకో ట్రిప్పుకి రండి, ఆయ్" అన్నాడు సరంగు. ఆయన గట్టిగానే తిట్టాడు, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా అన్నాడు. సరంగు తిరిగి ఒక్క మాట అనలేదు, ఇంజన్ మీద చెయ్యి తీసేసి ఆయన దిగేదాకా అలాగే నిలబడ్డాడు. నాకు లోపల ఒకటే టెన్షన్, డబ్బాలో ఐసు కరిగిపోతోంది.

నడి ఏట్లోకి వెళ్లాక పైనుంచి ఒక పెద్ద మాను వేళ్లతో సహా కొట్టుకొచ్చింది. సరంగు పడవ ముక్కుని వడికి ఎదురు తిప్పి ఇంజన్ తగ్గించాడు, సాయంగా ఉన్న కుర్రాడు గెడతో దాన్ని పక్కకి నెట్టాడు. ఆ నెట్టుకి పడవ ఒరిగితే నీళ్లు అంచుకి బెత్తెడు కిందకి వచ్చాయి. ఇంకొక్క మనిషి ఎక్కి ఉంటే ఏమయ్యేదో నేను కళ్లారా చూశాను. కుర్రాడి అరచెయ్యి చీరుకుపోయింది, తువ్వాలు చుట్టేసుకుని "మందుల డబ్బా తడవలేదు కదండీ" అని అడిగాడు నన్ను.

నా మట్టుకు ఈ పడవకి అయిదుకి అయిదు మార్కులు. డబ్బులు తీసుకోలేదు. లైఫ్ జాకెట్లు మాత్రం అందరికీ సరిపోలేదు, కొన్నింటికి బెల్టులు తెగిపోయాయి, అవి సరంగు తన జేబులోంచి కొనేవి కావు, ఏర్పాటు చేసేవాళ్లు చూడాలి. రేవు దగ్గర బురద జారుతుంది, ముసలివాళ్లని చెయ్యి పట్టుకుని దింపండి. చీకటి పడితే పడవ తియ్యరు, ఎంత బతిమాలినా తియ్యరు, పెందలాడే వెళ్లండి.

రెండో ట్రిప్పులో ముందు ఎక్కించింది ఆ తిట్టినాయన్నే. ఒడ్డున ఆయన్ని చెయ్యి పట్టుకుని దింపింది కూడా సరంగే.