ఆరు కోళ్ళ గూడు అని అమ్మారు, మూడింటికే సరిపోతుంది

సియాటిల్‌లో సొంతిల్లు, వెనకాల కాస్త పెరడు ఉండి, కోళ్ళు పెంచుకుందామా అని చూస్తున్న మనవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇది ఆన్‌లైన్‌లో కొన్న రెడీమేడ్ చెక్క గూడు. ధర 400 డాలర్లకు కాస్త తక్కువ. ఒక వేసవి, ఒక వానాకాలం మొత్తం వాడాక నేనిచ్చే మార్కులు అయిదుకి మూడు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే నమూనా గూళ్ళు చాలా పేర్లతో అమ్ముతున్నారు, నేను చెప్పేది వాటన్నిటికీ పనికొస్తుంది.

గూడు సంగతికి ముందు, మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న: సిటీలో కోళ్ళు పెంచుకోనిస్తారా? సియాటిల్‌లో పెంచుకోనిస్తారు. ఒక స్థలంలో ఎనిమిది వరకు ఉండొచ్చు. 2010 దాకా మూడే ఉండేవి, ఆ ఏడాది నగర కౌన్సిల్ ఎనిమిదికి పెంచింది. పుంజును మాత్రం ఉంచుకోకూడదు. గూడు పక్కింటివాళ్ళ ఇంటికి కనీసం పదడుగుల దూరంలో ఉండాలి. కొలవాల్సింది కంచె నుంచి కాదు, వాళ్ళు నివసించే కట్టడం నుంచి. మా పెరడు సన్నటిది కాబట్టి గూడు ఆర్డర్ చేయకముందే టేపు పట్టి కొలిచి, నేల మీద సుద్దతో గీత గీసుకున్నాం.

పుంజు లేకపోతే గుడ్లెలా పెడతాయని ఇండియా నుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు. ఆ గుడ్డు పొదిగినా పిల్ల రాదు, అంతే తేడా. అయితే దుకాణంలో ఆడ కోడిపిల్లలని ఎంచి అమ్మినవాటిలో కూడా ఎప్పుడైనా ఒక పుంజు వచ్చేస్తుంది. అలా వస్తే ఎవరికివ్వాలో ముందే ఆలోచించుకోండి.

సియాటిల్ లెక్క పక్క ఊళ్ళకు వర్తించదు. బెల్‌వ్యూ, రెడ్మండ్, సమామిష్, బోథెల్, దేని రూలు దానిదే. అంతకంటే ముఖ్యం ఇళ్ళ యజమానుల సంఘం, అంటే హెచ్‌ఓఏ. మనవాళ్ళు ఎక్కువగా కొనేవి కమ్యూనిటీల్లోని ఇళ్ళే కదా. ఊరి చట్టం ఒప్పుకున్నా, ఇల్లు కొన్నప్పుడు సంతకం పెట్టిన నిబంధనల్లో కోళ్ళు వద్దని ఉంటే పెంచకూడదు. ఆ కాగితాలు తీసి చదవండి. అద్దెకుంటే ఇంటి ఓనర్‌తో రాతపూర్వకంగా ఒప్పించుకోండి. పిల్లలు కోడిపిల్లలకు పేర్లు పెట్టేశాక వాటిని పంపించేయాల్సి రావడం చాలా బాధ.

ఇక గూడు. పెట్టె మీద "4 నుంచి 6 కోళ్ళకు" అని ఉంది. లోపలి గది నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అంటే 12 చదరపు అడుగులు. ఒక్కో పెట్టకు గదిలో నాలుగు చదరపు అడుగులు, బయట జాలీ ఆవరణలో ఎనిమిది నుంచి పది ఉండాలని ఇక్కడ పెంచేవాళ్ళందరూ చెప్పే లెక్క. గది కింది ఖాళీతో కలిపినా ఆవరణ 30 చదరపు అడుగులే. ఎటు లెక్కేసినా మూడు పెట్టలు. ఆరింటిని పెడితే ఒకదాన్నొకటి ఈకలు పీక్కుంటాయి, పొడుచుకుంటాయి. కాబట్టి మేం ఒక్కో జాతిది ఒకటి చొప్పున మూడే తెచ్చుకున్నాం: ఒక రోడ్ ఐలాండ్ రెడ్, ఒక బార్డ్ రాక్, ఒక ఆస్ట్రలార్ప్.

బిగించడం తేలికే. చెక్కలకు రంధ్రాలు సరిగ్గా ఉన్నాయి, ఇద్దరం కలిసి ఒక మధ్యాహ్నంలో నిలబెట్టేశాం. గుడ్లు పెట్టే గూటికి బయటినుంచి తీసే మూత ఉంది, అది నాకు బాగా నచ్చింది. రెట్ట పడే రేకు సొరుగులా బయటికొస్తుంది, పొద్దున్నే శుభ్రం చేయడం సుళువు.

నచ్చనిది జాలీ. పల్చటి కోళ్ళ జాలీ వేశారు. అది కోడిని లోపల ఉంచుతుంది కానీ, రాత్రుళ్ళు తిరిగే అడవి జంతువైన రాకూన్‌ని బయట ఉంచదు. రాకూన్ ముందు కాళ్ళను చేతుల్లా వాడుతుంది. జాలీ చింపుతుంది, మామూలు గడియ జరిపేస్తుంది, సందులోంచి కోడిని లాగేస్తుంది. గూడు చూడగానే మా అమ్మ, "ఏమే, ఈ తీగలు కుక్క గీరినా తెగిపోతాయి, వీటిని నమ్ముకుని రాత్రుళ్ళు ఎలా వదిలేస్తావే?" అంది. పాలకొల్లులో మా ఇంట్లో చీకటి పడగానే కోళ్ళను గంప కింద మూసి, పైన బరువు పెట్టిన మనిషి అమ్మ. కోళ్ళు లోపలికి వెళ్ళకముందే ఆ జాలీ మొత్తం పీకేసి, అరంగుళం గళ్ళున్న గట్టి ఇనుప జాలీ వాషర్లు వేసి స్క్రూలతో బిగించాం. గూడు చుట్టూ నేలలో అడుగున్నర వెడల్పున అదే జాలీ పరిచి మట్టి కప్పాం, ఏదీ తవ్వుకుని రాకుండా. ప్రతి గడియకూ కొక్కెం తగిలించాం. వీటన్నిటికీ ఇంకో వంద డాలర్లు దాటింది. గూడు ధర చూసేటప్పుడు అదీ కలుపుకోండి.

వాన సంగతి. ఇక్కడ చలి కంటే తడే కోళ్ళకు ఎక్కువ ప్రమాదం. నవంబర్ వచ్చేసరికి ఈ గూడు పైకప్పు అతుకు దగ్గర కారింది, తలుపు చెక్క ఉబ్బి మూతపడలేదు. లోపల పరిచిన పొట్టు తడిస్తే అమ్మోనియా ఘాటు లేచి వాటికి ఊపిరితిత్తుల జబ్బులొస్తాయి. పైన ముడతల ప్లాస్టిక్ షీటు వేశాక కారడం ఆగింది. గాలి కంతలు కోళ్ళు కూర్చునే కర్ర కంటే ఎత్తులో ఉన్నాయి, అది మంచి అమరిక. చలని వాటిని మూసేయకండి.

దాణా గూట్లో రాత్రంతా వదిలితే ఎలుకలొస్తాయి, పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేసేదీ అందుకే. మేం మూత గట్టిగా పట్టే ఇనుప డబ్బాలో పెడుతున్నాం. 2022 నుంచి బర్డ్ ఫ్లూ పెరటి కోళ్ళకూ వస్తోంది కాబట్టి అడవి పక్షులు వాలకుండా దాణా, నీళ్ళు పైకప్పు కిందే ఉంచాలి. గూడు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. అయిదేళ్ళలోపు పిల్లలకు కోళ్ళను అందివ్వకండి, కోళ్ళ నుంచి సోకే సాల్మొనెల్లా క్రిమి వాళ్ళకే ఎక్కువ హాని చేస్తుంది.

డబ్బు మిగులుతుందని మాత్రం పెంచకండి. 2025 మార్చిలో దేశంలో డజను గుడ్ల సగటు ధర 6.23 డాలర్లకు పోయినప్పుడు చాలామంది గూళ్ళు కొన్నారు. గూడు, జాలీ, దాణా లెక్కేస్తే అంత ధరకు కూడా గిట్టదు. పైగా డిసెంబర్‌లో ఇక్కడ పగలు ఎనిమిదిన్నర గంటలే, పెట్టలు దాదాపు గుడ్లు మానేస్తాయి. మేం పెంచేది పచ్చసొన చిక్కగా ఉండే ఆ గుడ్ల కోసం, పిల్లలు తినేది ఎక్కడినుంచి వస్తుందో కళ్ళారా చూడటం కోసం. నాకు అది ఎంతో విలువైన సంగతి.

మూడు పెట్టలు చాలనుకుని, జాలీ మార్చే ఓపిక ఉన్నవాళ్ళు ఈ గూడు కొనుక్కోవచ్చు. ఎనిమిదీ పెంచాలనుకునేవాళ్ళకు ఇది వద్దు. మనిషి నిలబడి లోపలికి వెళ్ళగలిగే షెడ్డు కట్టుకోండి. 120 చదరపు అడుగుల లోపు, ఒకే అంతస్తు అయితే సియాటిల్‌లో బిల్డింగ్ పర్మిట్ అక్కర్లేదు. పదడుగుల దూరం మాత్రం దానికీ వర్తిస్తుంది.