పొగ బండా, కొబ్బరి పీచా: దోమల మీద ఏది మేలు?

అనంతపురంలో మా వీధికి కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అందుకే ప్రతి ఇంటి ముందూ ఒక సిమెంటు తొట్టి, పక్కన రెండు డ్రమ్ములు. డెంగీ, చికున్‌గున్యా మోసే ఏడిస్ దోమ మురుగు కాలువలో కాదు, మనం దాచుకున్న ఈ మంచినీళ్లలోనే పుడుతుంది. వానలు లేకపోయినా దానికి లోటు లేదు.

జ్వరాలు మొదలవగానే అందరూ అడిగేది పొగ. బండి శబ్దం వింటే మనసుకు ధైర్యమే, కాదనను. కానీ పొగ చంపేది ఎగిరే దోమనే, అదీ తగిలితేనే. ఏడిస్ ఇంట్లో మంచం కింద, కొక్కేనికి తగిలించిన చొక్కాల వెనక నక్కి ఉంటుంది. బండి వస్తుంటే మనం తలుపులు మూసుకుంటాం! తొట్టిలోని పురుగులకైతే పొగ సోకనే సోకదు. పది రోజుల్లోపే కొత్త దోమలు లేస్తాయి.

"ఉన్న నీళ్లు పారబోయమంటే ఎట్లమ్మా?" అని పక్కింటి అత్త కోప్పడింది. న్యాయమే. పారబోయక్కర్లేదు. నీళ్లొచ్చే రోజు పొద్దున అడుగున మిగిలినవి చెట్లకు పోసి, ఖాళీ తొట్టిని పీచుతో గట్టిగా రుద్దాలి. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన, గోడకు నల్లటి చుక్కల్లా అంటుకుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి చావవు.

ఆ మొండి గుడ్ల వల్లే ఏడిస్ జాతి దోమలు ఖండాలు దాటాయి. పాత టైర్లతో పాటు ఆ జాతిలోనే ఒకటైన పులిదోమ 1990లో ఇటలీ చేరింది. 2007లో కేరళ నుంచి వెళ్లిన ఒకరి ఒంట్లో చికున్‌గున్యా అక్కడ దిగింది. ఆ పులిదోమలే 200 మందికి పైగా అంటించాయి. మన దేశంలో 1973 తర్వాత మూడు దశాబ్దాలు జాడ లేని ఆ జబ్బు 2005 చివర్లో ఆంధ్రలో మళ్లీ లేచింది. 2006లో దేశమంతా కలిపి దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు. కీళ్లు పట్టేసి చెంబు కూడా ఎత్తలేకపోయిన మనుషులను మన జిల్లాల్లోనే చూశాం. పంక్చరు షాపు ముందు వాన నీళ్లు నిండిన టైరు కనిపిస్తే నాకు ఇప్పటికీ టెన్షనే.

కాబట్టి నా ఓటు పీచుకే. ఒక ఇంట్లో జబ్బు తేలినప్పుడు మాత్రం పొగ కావాలి, అదీ ఆ ఇంటి లోపల, చుట్టుపక్కల ఇళ్లలో. వైరస్ ఎక్కిన దోమ అప్పటికే ఎగురుతుంటుంది, తొట్టి కడిగితే అది చావదు. కడగలేని సంపులో దోమ పురుగులను చంపే మందు, టెమిఫాస్, వేయమని ఆరోగ్య సిబ్బందిని అడగండి. మా వీధిలో ఇప్పుడు వారంలో ఒక నీళ్ల రోజున డ్రమ్ములన్నీ పీచుతో రుద్దించుకుని బోర్లా పడి ఆరుతున్నాయి, కదలని తొట్లకూ పీచు తిరుగుతోంది.