పాత హెడ్‌ఫోన్‌కి కొత్త ప్యాడ్స్, మూడు రకాలూ వాడి చూశాక

ప్యాడ్స్ చిరిగాయని మంచి హెడ్‌ఫోన్ పారేయకండి, ఇది ముందే చెప్పేస్తున్నా. నాది వైర్ ఉన్న క్లోజ్డ్ బ్యాక్ (కప్పుల వెనక మూసి ఉండే) స్టూడియో మోడల్, విజయవాడలో పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేస్తా కాబట్టి రోజూ గంటల తరబడి తలమీదే ఉంటుంది, డ్రైవర్లు, అంటే కప్పుల్లో ఉండే చిన్న స్పీకర్లు, ఇప్పటికీ చక్కగా పలుకుతున్నాయి గానీ ప్యాడ్స్ మీద రెక్సిన్ నల్లగా పొలుసులు పొలుసులుగా రాలి చెవులకీ చొక్కా కాలర్‌కీ అంటుకునేది, లోపల స్పాంజ్ అణిగిపోయి చెవి ప్లాస్టిక్‌కి తగిలి నొప్పెట్టేది.

జాగ్రత్తగా వాడినా ఇది జరుగుతుంది. ఆ రెక్సిన్ పైన ఉండేది పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పొర, దానికి తేమ పడదు. గాలిలో తడి, మన చెమట, వేడి కలిసి ఆ పొరని మెల్లగా విరిచేస్తాయి, అందుకే మన కోస్తా ఉక్కపోతలో ఇంకా త్వరగా పోతుంది. వాడకుండా బీరువాలో దాచినా పాడవుతుంది, కాబట్టి ఆఫర్ వచ్చిందని నాలుగు జతలు కొని పెట్టుకోవడం దండగ.

అన్నిటికంటే ముఖ్యం సౌండ్. క్లోజ్డ్ బ్యాక్‌లో చెవి చుట్టూ గాలి లీక్ అవ్వకపోతేనే బాస్ నిలబడుతుంది. ప్యాడ్ చిరిగి గాలి పోతే డోలు దెబ్బలో బరువంతా పోయి పైపై చప్పుడే వినిపిస్తుంది, సన్నాయి ముందుకొచ్చి చెవిలో గుచ్చుకుంటుంది. అది నమ్మి బాస్ పెంచి వీడియో ఇచ్చేస్తే పెళ్లివాళ్లు ఇంట్లో హోమ్ థియేటర్‌లో పెట్టుకున్నప్పుడు మంత్రాలు కూడా వినపడకుండా ఒకటే మోత. మీ ప్యాడ్స్ సంగతి తెలియాలంటే ఒక 40 హెర్ట్జ్ టోన్ (బాగా లోతైన బాస్ శబ్దం) తక్కువ వాల్యూమ్‌లో ప్లే చేసి రెండు కప్పుల్నీ చేత్తో తలకి కొంచెం అదమండి, బాస్ బాగా పెరిగిందంటే సీల్ పోయినట్టే. కళ్లజోడు ఉన్నవాళ్లకి కాడల దగ్గర ఎలాగూ కొంత లీక్ అవుతుంది, వాళ్లు మెత్తటి మందపాటివి చూసుకోవాలి.

మొదట వేసింది చవక రకం రెక్సిన్ ప్యాడ్స్. సౌండ్ దాదాపు పాతదానిలాగే వచ్చింది, తృప్తిగానే ఉంది, కానీ ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటేసరికి మళ్లీ అదే రాలుడు. ప్రొటీన్ లెదర్ అని పేరు పెట్టి అమ్మేవి కూడా ఎక్కువగా ఈ పాలీయురెథేన్ జాతే, పేరు చూసి ఎక్కువ డబ్బులు పెట్టొద్దు.

తర్వాత వెల్వెట్‌వి. చెవికి హాయి అంటే ఇవే, చెమట పట్టదు, పొలుసు రాలే సమస్యే లేదు, విప్పి సబ్బు నీళ్లలో ఉతికి నీడలో ఆరేసుకోవచ్చు. కానీ గుడ్డలోంచి గాలి పోతుంది, నా హెడ్‌ఫోన్‌లో బాస్ బాగా పల్చబడిపోయింది. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో లాంటివి ఎక్కువగా వెల్వెట్ ప్యాడ్‌తోనే వస్తాయి, వాటిని దానికి తగ్గట్టే ట్యూన్ చేస్తారు, రెక్సిన్‌తో వచ్చినదానికి వెల్వెట్ వేస్తే మాత్రం సౌండ్ మారిపోతుంది. పాటలు వినడానికి ఓకే, పనికి కాదు.

ఇప్పుడున్నవి గొర్రె తోలువి, లోపల మెమరీ ఫోమ్. రేటు చవకవాటికి మూడు నాలుగు రెట్లు, అయినా నా ఓటు వీటికే. ఇన్నాళ్ల వాడకంలో ఎక్కడా పొర లేవలేదు, బాస్ తిరిగొచ్చింది. ఏసీ గదిలో ఆ ఫోమ్ మొదట గట్టిగా ఉంటుంది, తల వేడికి కాసేపట్లో మెత్తబడి సర్దుకుంటుంది, అప్పటిదాకా మిక్సింగ్ మొదలుపెట్టను. వేసవిలో చెవులు వేడెక్కడం మాత్రం తప్పదు. ఇంకో సంగతి, పాతదానికంటే మరీ మందంగా ఉంటే చెవికీ డ్రైవర్‌కీ దూరం పెరిగి సౌండ్ తేడా వస్తుంది, మందం కూడా కొలిచి కొనండి. సోనీ ఎండీఆర్-7506 లాంటివి 1991 నుంచీ మార్కెట్‌లో ఉన్నాయి కాబట్టి వాటికి ప్యాడ్స్ సులువుగా దొరుకుతాయి, తెలియని మోడల్ అయితే కప్పు పొడవు వెడల్పు మిల్లీమీటర్లలో స్కేలుతో చూసుకోవడమే.

మార్చడానికి షాపుకి వెళ్లక్కర్లేదు. నాదాంట్లో ప్యాడ్ వెనక అంచు కప్పు చుట్టూ ఉన్న గాడిలో కూర్చుంటుంది, మెల్లగా లాగితే వచ్చేస్తుంది. కొన్ని మోడల్స్‌లో ప్లాస్టిక్ రింగు క్లిప్పులుంటాయి, అవి చూడకుండా లాగితే విరుగుతాయి. కొత్తది ఒక పక్క గాడిలో పెట్టి పాత ఏటీఎం కార్డు అంచుతో చుట్టూ తోసుకుంటూ రండి, చివరి కాస్త దూరం మొండికేస్తుంది, ఓపిక పట్టాలి. దానికి ముందు రాలిన పొలుసుల్ని సెల్లోటేపుతో అద్ది తీయండి, ఊదడం గానీ బ్లోయర్ పెట్టడం గానీ వద్దు, డ్రైవర్ పొర చాలా పల్చగా ఉంటుంది. డ్రైవర్ మీదుండే పల్చటి స్పాంజ్ పారేయొద్దు, అదీ సౌండ్‌లో భాగమే.

ఫెవిక్విక్‌తో అతికించడం, ఇన్సులేషన్ టేపు చుట్టడం లాంటివి చేయకండి, గట్టిపడి చెవికి కోసుకుంటుంది. అసలు సైజే దొరకకపోతే సాగే గుడ్డ కవర్లు అమ్ముతారు, పాత ప్యాడ్ మీదే తొడిగేయొచ్చు, పొలుసులు ఆగుతాయి, కానీ అణిగిన స్పాంజ్ లేవదు. హెడ్‌బ్యాండ్ మీద పోయినదానికి మాత్రం జిప్ ఉన్న కవర్ చాలు, అక్కడ సౌండ్‌తో పని లేదు కదా, నేను చవకదే వేశా, బాగానే ఉంది.