ప్రోస్టేట్ పొడి కిట్టు కొనకండి, మా నాయన ఆస్పత్రి పాలయ్యాడు

ఆత్మకూరు, ఉదయగిరి వైపు వాట్సాప్‌లో తిరుగుతున్న ప్రోస్టేట్ (మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పొడి కిట్టు ఎవరూ కొనకండి. పొడి డబ్బా, కషాయం సీసా, ఏం తినాలో ఏం తాగాలో రాసిన డైట్ చార్టు, అన్నీ కలిపి 4,800 రూపాయలు. ఇంట్లో అరవై దాటిన మగవాళ్లు ఉంటే దయచేసి పూర్తిగా చదవండి.

నాయనకి ఉన్నది క్యాన్సర్ కాదు, వయసుతో గ్రంథి పెరగడం. రాత్రిళ్లు మూత్రానికి పదేపదే లేవడం, ధార సన్నగా రావడం, వెళ్లొచ్చినా ఇంకా మిగిలినట్టే ఉండటం. నెల్లూరు డాక్టరు రాసిన టామ్సులోసిన్ మాత్రతో బాగానే ఉన్నాడు. కిట్టు అమ్మినతను ఫోన్లో, "పెద్దాయనా, మీ ఊరి ఫ్లోరైడు నీళ్ల వల్లే గ్రంథి ఉబ్బింది, ఆ ఇంగ్లీషు మందు ఆపేసి మా పొడి వేసుకోండి, రోజుకి ఐదు లీటర్లు నీళ్లు తాగండి, మొత్తం కడుక్కుపోతుంది" అన్నాడంట. మా మెట్ట ఊళ్లలో ఫ్లోరైడు అంటే అందరికీ భయమే, పళ్లు గారపట్టినవాళ్లని, నడుములు వంగిపోయినవాళ్లని చూస్తూ పెరిగాం, సరిగ్గా ఆ భయాన్నే పట్టుకున్నాడు. ఫ్లోరైడు దెబ్బతీసేది పళ్లని, ఎముకల్ని. ప్రోస్టేట్ పెరిగేది వయసు వల్ల, హార్మోన్ల వల్ల.

అతని మాట నమ్మి నాయన మాత్ర ఆపాక ధార మళ్లీ తగ్గిపోయింది. చార్టులో పడుకునే ముందు కూడా కషాయం, పెద్ద చెంబుడు నీళ్లు రాసుంది. అలా తాగి పడుకున్న ఒక రాత్రి తెల్లవారుజామున పొత్తికడుపు ఉబ్బిపోయి, ఒక్క చుక్క రాక, గోడ పట్టుకుని నిలబడి ఏడ్చాడు. నెల్లూరు తీసుకొచ్చి మూత్రం పైపు వేయిస్తే గానీ ఊపిరి పీల్చుకోలేదు. ఆ మాత్ర గ్రంథిని కరిగించదని, మూత్రం దారి దగ్గర కండరాన్ని వదులు చేస్తుందంతే, ఆపితే మళ్లీ బిగుసుకుంటుందని డాక్టరు చెప్పాడు. దానికి తోడు అన్ని నీళ్లు పోస్తే మూత్రాశయం సాగిపోయి ముడుచుకోలేదట.

కిట్టు అమ్మినతన్ని డబ్బులు తిరిగి ఇమ్మని అడిగితే, నాయన చేపల పులుసు తిన్నాడు కాబట్టి పథ్యం చెడిందన్నాడు. తర్వాత నంబరు బ్లాక్ చేశాడు.

డబ్బా తీసి చూస్తే బ్యాచ్ నంబరు లేదు, ఆయుర్వేద మందు తయారీ లైసెన్సు నంబరు లేదు, ఆహార పదార్థం అయితే ఉండాల్సిన 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నంబరూ లేదు. పైగా "విటమిన్ ఇ, సెలీనియం కలిపినది, క్యాన్సర్ రాదు" అని పెద్ద అక్షరాలు. ఆ రెండింటినీ అమెరికాలో 35 వేల మందికి పైగా మగవాళ్ల మీద పరీక్షించి, లాభం కనపడక 2008లో ఆపేశారు. 2011లో చూస్తే విటమిన్ ఇ ఒక్కటే వేసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చింది. ప్రోస్టేట్ జబ్బు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే మన దేశంలో మందుల మోసపు ప్రకటనలని ఆపడానికి తెచ్చిన 1954 డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం, ఆ జబ్బు పేరు చట్టం జాబితాలోనే ఉంది.

తిండి విషయంలో డాక్టరు చెప్పినవాటికి రూపాయి ఖర్చు లేదు. నీళ్లు పగలంతా కొంచెం కొంచెంగా తాగాలి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించాలి. సాయంత్రం టీ, కాఫీ వద్దు, మద్యం అసలే వద్దు. మలబద్ధకం ఉంటే మూత్రం ఇంకా ఇబ్బంది అవుతుంది కాబట్టి కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు బాగా తినాలి. చేపలు మానక్కర్లేదు. టమాటా నూనెలో ఉడికితే అందులోని లైకోపీన్ (టమాటాకి ఎరుపు ఇచ్చే పదార్థం) ఒంటికి బాగా పడుతుంది, అలాగని అది మందు అనుకోకండి. జలుబు మాత్రలు మాత్రం అడక్కుండా వేసుకోవద్దు, కొన్ని రకాలకి మూత్రం ఆగిపోతుంది, ఇది చాలామందికి తెలీదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి పొడి నమ్మి మాత్రలు ఆపేసి ఉంటే ఇవాళే వాళ్ల డాక్టరుకి ఫోన్ చేయండి. మూత్రం పూర్తిగా ఆగితే తెల్లారేదాకా చూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. కిట్టు కొన్నవాళ్లు డబ్బాని, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్‌ని పారేయకండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి నేను ఫిర్యాదు చేస్తున్నా, మీరూ చేయండి.