ఎలుగుబంటి, గోడమీది నాచు: గమనించడానికి ఏది అనువు?

ఉద్దానం జీడితోటలలో తిరిగే ఎలుగుబంటినీ, శ్రీకాకుళంలో వానాకాలపు ప్రహరీగోడలపై పచ్చగా పరచుకొనే ఫ్యునేరియా వంటి నాచుమొక్కనూ పక్కపక్కన నిలిపితే, మొదట కనిపించే భేదం ఆహారానిది. ఎలుగుబంటి తన పై దవడలో రెండు కొరకుపళ్లు లేని సందులోంచి చెదపురుగులను పీల్చుకొంటుంది. నాచు ఎండ, గాలి, తడితో తన ఆహారాన్ని తానే తయారు చేసుకొంటుంది. చెరువులోని శైవలాన్ని (ఆల్గేను) కూడా మనం నాచే అంటాము గాని, అది వేరు.

సంతానం విషయంలో పోలిక మరింత ఆసక్తికరం. తల్లి ఎలుగు సాధారణంగా ఒకటి రెండు పిల్లలను కని, వాటిని నెలల తరబడి వీపుమీద మోస్తుంది. నాచులో పురుషబీజాలు నీటిపొరలో ఈదుకొంటూ స్త్రీబీజాన్ని చేరాలి. ఆ కలయికతో పుట్టిన సన్నని కాడ, దాని కొననున్న సిద్ధబీజాశయం (విత్తనాల్లా మొలిచే సూక్ష్మకణాలైన సిద్ధబీజాలుండే సంచి) తల్లిమొక్కమీదే నిలిచి దాని నుంచే పోషణ పొందుతాయి. ఫ్యునేరియాలో ఆ కాడ గాలిలోని తేమను బట్టి మెలితిరుగుతుంది, విప్పుకొంటుంది కూడా. నెమ్మదిగా ఎండిన నాచు చినుకు పడగానే తేరుకొంటుంది. ఎలుగు మాత్రం వేసవిలో నీటిని వెతుక్కొంటూ ఊరి అంచుదాకా వస్తుంది.

విద్యార్థికి నేను నాచునే సూచిస్తాను, దానికి ఒక భూతద్దం చాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతున్న ఎలుగును దూరం నుంచే చూడాలి. పక్కన పిల్లలున్నాయంటే చూడకుండా వెనుదిరగాలి.