బీజం (వృషణం) తిత్తిలోకి దిగని మగపిల్లలకి: విజయనగరంలో ఓ పిల్లల సర్జన్ ఓపీ

పరీక్ష చేసే తీరుకే ఎక్కువ మార్కులు. ఏసీ ఆపి, చేతులు రుద్దుకుని వెచ్చబడ్డాకే గుంటణ్ణి ముట్టుకుంటారు. చల్లటి చెయ్యి తగిలితే దిగిన బీజం కూడా పైకి లాక్కుంటుంది, లేని జబ్బు అంటగట్టినట్టవుతుంది. గజ్జల్లోంచి వేళ్లతో మెల్లగా కిందికి జరిపి వదులుతారు. తిత్తిలో నిలిస్తే ఆపరేషన్ వద్దు, ఏడాదికోసారి చూపిస్తే చాలు. వెంటనే పైకి పోతే, ఆరు నెలలు దాటాక దానంతటది దిగడం అరుదు. 6-18 నెలల మధ్య దించి కుట్టించాలి. పుట్టినప్పుడే రెండూ తగలకపోతే మాత్రం అన్నాళ్లు ఆగకూడదు.

ఊరికే స్కాన్ రాయరు, మంచిదే. స్కాన్‌లో కనబడనంత మాత్రాన బీజం లేదని కాదు. చేతికి తగలనిదాన్ని లాప్రోస్కోపీతో, అంటే పొట్టలోకి సన్నటి కెమెరా పెట్టి, వెతకాలి. దానికి విశాఖ పంపుతారు.

 

లోటల్లా డిశ్చార్జి కాగితమే, అంతా ఇంగ్లీషు. రెండు వారాలు చంకనెత్తుకోకూడదు, మూడుచక్రాల సైకిలెక్కించకూడదు. కాళ్లు ఎడమైతే కుట్ల మీద ఒత్తిడి. ఇది నోటిమాటగా చెప్పి వదిలేస్తారు. ఇంట్లో ఎత్తుకు తిప్పేది నాయనమ్మ కదా, ఆవిడకెవరు చెప్తారు?